ఎంగిలి బైట్లు: మీ కెర్నెల్ డ్రైవర్ నుంచి సమాచారం కారుతోందేమో పట్టుకోవడం ఎలా

మెమరీ లీక్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది, తీసుకున్న మెమరీని తిరిగి ఇవ్వకపోవడం. రెండు రోజులకు సర్వర్ నెమ్మదిస్తుంది, రీబూట్ కొడతాం, అయిపోతుంది. ఇక్కడ చెప్పబోయేది ఆ లీక్ గురించి కాదు. కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) తన లోపల ఉన్న సమాచారాన్ని తనకే తెలియకుండా మామూలు ప్రోగ్రామ్ చేతిలో పెట్టేయడం గురించి. ఇందులో సర్వర్ నెమ్మదించదు, ఏదీ క్రాష్ అవదు, లాగ్‌లో ఒక్క లైను పడదు. అందుకే ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా ఉంటుంది.

ఒకరు తిన్న ప్లేటుని కడగకుండా, ఖాళీగా ఉన్న మూలన ఇంత అన్నం వడ్డించి మన ముందు పెడితే ఎలా ఉంటుంది? కెర్నెల్ స్టాక్‌లో, అంటే ఫంక్షన్లు తాత్కాలికంగా వాడుకునే మెమరీలో, జరిగేది అచ్చం అదే. ఒక సిస్టమ్ కాల్ (ప్రోగ్రామ్ కెర్నెల్‌ని పని అడగడం) నడిచినప్పుడు స్టాక్ మీద ఏవో పాయింటర్లు, ఏవో కీలు పెట్టుకుంటుంది. పని అయ్యాక వాటిని ఎవరూ తుడవరు. తర్వాత వచ్చిన కాల్ అదే చోట తన స్ట్రక్చర్ పెట్టుకుని, తనకు కావలసిన ఫీల్డులు మాత్రం నింపి, మొత్తం స్ట్రక్చర్‌ని యూజర్‌కి కాపీ చేస్తుంది. నింపని బైట్లలో ముందువాడి ఎంగిలి అలాగే ఉంటుంది.

లైనక్స్‌లో డ్రైవరో మాడ్యూలో రాసేవాళ్లు, లేదా ఎవరో రాసి వదిలేసి వెళ్లిన దాన్ని నెత్తిన వేసుకున్నవాళ్లు (ఎక్కువమంది ఈ రెండో రకమే) తమ కోడ్‌ని తామే తనిఖీ చేసుకోవడానికి ఇది పనికొస్తుంది. సి చదవగలిగితే చాలు. ప్రయోగాలన్నీ మీ సొంత వర్చువల్ మెషీన్‌లోనే చేయండి.

"నాలుగు బైట్లు బయటికి పోతే కొంప మునుగుతుందా?"

ఈ ప్రశ్న కోడ్ రివ్యూలో ఎవరో ఒకరు అడుగుతారు. ఒకప్పుడు నేనే అడిగాను. కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

కెర్నెల్‌లో ఏ ఫంక్షన్ ఏ అడ్రస్‌లో ఉందో తెలిస్తే దాడి చేసేవాడి పని సగం అయిపోయినట్టే. అది తెలియకూడదనే బూట్ అయిన ప్రతిసారీ కెర్నెల్ తన చోటు మార్చుకుంటుంది. దీన్నే కేఏఎస్ఎల్ఆర్ అంటాం. ఎక్స్86లో ఇది 2014లో లైనక్స్ 3.14తో వచ్చింది, 4.12 నుంచి డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటోంది. 64 బిట్ ఎక్స్86లో కెర్నెల్ కోడ్‌కి కేటాయించిన మేర 1 జీబీ, అది కూర్చోగలిగేది 2 ఎంబీ మెట్ల మీద. అంటే గట్టిగా లెక్కేస్తే 512 చోట్లు, బిట్లలో చెప్పాలంటే 9. కెర్నెల్ కోడ్ పాయింటర్ ఒక్కటి బయటపడితే ఈ దాగుడుమూతలు అయిపోయినట్టే, ఎందుకంటే ఒకే బిల్డ్‌లో ఫంక్షన్ల మధ్య దూరాలు మారవు.

దీన్ని నిజంగా వాడిన సంఘటన ఒకటుంది. 2016 ఆగస్టులో యూఏఈకి చెందిన మానవ హక్కుల కార్యకర్త అహ్మద్ మన్సూర్ ఫోన్‌కి అనుమానాస్పదమైన లింకులతో మెసేజీలు వచ్చాయి. ఆయన వాటిని నొక్కకుండా సిటిజన్ ల్యాబ్ అనే పరిశోధక బృందానికి పంపారు. వాళ్లు, లుకౌట్ కంపెనీ పరిశోధకులు కలిసి విప్పి చూస్తే ఐఫోన్‌ని ఆక్రమించడానికి మూడు లోపాలను గొలుసుగా కట్టినట్టు తేలింది. మొదటిది బ్రౌజర్ ఇంజిన్‌లో, మూడోది కెర్నెల్ మెమరీని పాడు చేసేది. ఆ రెంటినీ కలిపే మధ్య లింకు సమాచారం లీకే. సంఖ్యలను దాచే ఒక ఆబ్జెక్ట్‌కి ఎన్ని బిట్ల పొడవు అని యూజర్ చెబితే కెర్నెల్ సరిచూసుకోకుండా నమ్మేసింది. తిరిగి చదివేటప్పుడు స్టాక్ మీదున్న 8 బైట్ల వేరియబుల్ నుంచి మొదలుపెట్టి, ఆ చెప్పిన పొడవంతా ఇచ్చేసింది. పక్కనే ఉన్న రిటర్న్ అడ్రస్ కూడా దాంతో పాటే వెళ్లిపోయింది. యాపిల్ ఐఓఎస్ 9.3.5లో ఈ మూడింటినీ సరిదిద్దింది.

అడుగు 1: గడపలు లెక్కపెట్టండి

కెర్నెల్ నుంచి యూజర్ వైపు డేటా దాటే ప్రతి చోటూ ఒక గడప. మీ డ్రైవర్ ఫోల్డర్‌లో గ్రెప్ కొట్టి, దొరికినవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. కాపీ టు యూజర్ అందరికీ తెలిసిందే. ఎక్కువగా తప్పించుకునేవి మిగతావి: నెట్‌లింక్‌లో (కెర్నెల్, ప్రోగ్రామ్‌లు మాట్లాడుకునే సాకెట్) ఆట్రిబ్యూట్‌గా స్ట్రక్చర్‌ని మొత్తంగా పెట్టే ఎన్ఎల్ఏ పుట్, ప్యాకెట్ బఫర్‌ని పొడిగించే ఎస్‌కేబీ పుట్ (ఇది చోటు ఇస్తుంది కానీ తుడిచి ఇవ్వదు, తుడిచి ఇచ్చే జీరో రకం వేరే ఉంది), ఎంమ్యాప్ ద్వారా యూజర్‌కి చూపించే పేజీలు, గెట్‌సాక్‌ఆప్ట్, ఐఆక్టల్ (డివైస్‌కి ప్రత్యేక ఆదేశాలు పంపే సిస్టమ్ కాల్). పుట్ యూజర్‌తో పెద్దగా భయం లేదు, అది ఒక్క సాదా విలువనే పంపుతుంది.

కొన్ని గడపలు ఇల్లు కట్టినవాడికే గుర్తుండవు. కోర్ డంప్ అలాంటిదే. ప్రోగ్రామ్ క్రాష్ అయినప్పుడు కెర్నెల్ రాసే ఆ ఫైల్ యూజర్ చదవగలిగేదే కదా. 2020లో బయటపడిన ఒక లోపంలో రిజిస్టర్ల వివరాలు పెట్టడానికి కేమాలాక్‌తో (తుడవకుండా మెమరీ ఇచ్చేది) బఫర్ తీసుకున్నారు. అది పూర్తిగా నిండకుండానే డంప్‌లోకి వెళ్లేది. సరిదిద్దడానికి కేమాలాక్‌ని కేజెడ్‌అలాక్ (సున్నా చేసి ఇచ్చేది) చేశారు. ఇంగ్లిషులో చూస్తే ఒక్క అక్షరం మార్పు.

అడుగు 2: స్ట్రక్చర్‌ని విప్పి చూడండి

ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి. ఈ లీకుల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంది.

లైనక్స్‌లో ఆర్‌డీఎస్ అనే నెట్‌వర్క్ ప్రోటోకాల్ ఉంది, ఒరాకిల్ వాళ్లు తెచ్చింది. అందులో యూజర్‌కి నోటిఫికేషన్ పంపే ఒక చిన్న స్ట్రక్చర్ ఉంది. రెండే ఫీల్డులు: 8 బైట్ల యూజర్ టోకెన్, దాని తర్వాత 4 బైట్ల స్టేటస్. కూడితే 12. కానీ 64 బిట్ మెషీన్‌లో సైజాఫ్ అడిగితే 16 అంటుంది. 8 బైట్ల ఫీల్డు ఉన్న స్ట్రక్చర్ మొత్తం సైజు 8కి గుణకంగా ఉండాలి కాబట్టి కంపైలర్ చివర 4 బైట్లు అతికిస్తుంది. ఆ నాలుగింటికీ పేరు లేదు. పేరు లేనిదాన్ని మీ కోడ్ నింపలేదు, రివ్యూ చేసేవాడి కంటికి కనబడదు. కాపీ టు యూజర్‌కి మాత్రం 16 బైట్లూ ఒకటే.

ఇదే స్ట్రక్చర్‌ని 32 బిట్ ఎక్స్86కి కంపైల్ చేస్తే 12 బైట్లే వస్తుంది. అక్కడ 8 బైట్ల సంఖ్యని 4 బైట్ల గట్టు మీద పెట్టొచ్చు. అంటే ఒక ఆర్కిటెక్చర్‌లో లేని లీక్ ఇంకో దాంట్లో ఉంటుంది. "మా టెస్ట్ బోర్డ్ మీద చూశాం, ఏమీ లేదు" అనే మాట ఇక్కడ చెల్లదు.

కళ్లతో లెక్కేయకండి, పొరపాటు పడతారు. డ్వార్వ్స్ ప్యాకేజీలో ప్యాహోల్ అనే పనిముట్టు ఉంది. డీబగ్ సమాచారంతో కంపైల్ చేసిన ఆబ్జెక్ట్ ఫైల్‌ని దానికి ఇచ్చి, క్యాపిటల్ సి ఆప్షన్‌తో స్ట్రక్చర్ పేరు చెప్పండి. ఫీల్డులన్నీ ఆఫ్‌సెట్, సైజుతో సహా ముద్రిస్తుంది. మధ్యలో ఖాళీ ఉంటే ఇన్ని బైట్ల హోల్ అని ఎక్స్ గుర్తులు పెట్టి మరీ చెబుతుంది, చివర ఖాళీ ఉంటే ప్యాడింగ్ అంటుంది. మొదటి అడుగులో రాసుకున్న కాగితం తీసి, గడప దాటే ప్రతి స్ట్రక్చర్‌నీ ఇందులో వేయండి. హోల్ గానీ ప్యాడింగ్ గానీ కనబడిన పేరు కింద ఎర్ర గీత గీయండి.

నా కథ ఇక్కడే చెప్పాలి. మునుపు పనిచేసిన చోట ఒక డివైస్ స్టేటస్ ఇచ్చే ఐఆక్టల్ రాశాను. 1 బైటు స్థితి, 4 బైట్ల కౌంటర్, 8 బైట్ల టైమ్‌స్టాంప్. మూడు ఫీల్డులూ శుభ్రంగా నింపాను, ఇంక సున్నా చేయడం దేనికని వదిలేశాను. స్థితికీ కౌంటర్‌కీ మధ్య 3 బైట్ల బొక్క. టూల్ పట్టుకున్నాక కూడా వాదించాను.

"మూడు బైట్లే కదన్నా, పాయింటర్ అంటే ఎనిమిది. ఏం చేసుకుంటాడు?"

మా సీనియర్ వైట్‌బోర్డ్ మీద పాయింటర్ గీశాడు. "పై నాలుగు బైట్లు చూడు, కెర్నెల్ కోడ్‌కి ఎప్పుడూ ఎఫ్‌లే. వాటిని నువ్వు చెప్పాలా? కింద 21 బిట్లు 2 ఎంబీ మెట్టు వల్ల మారవు. మారేవి 21వ బిట్ నుంచి 29 దాకా. అవి ఏ బైట్లలో ఉన్నాయిరా?"

సున్నా నుంచి లెక్కపెడితే రెండో బైటు, మూడో బైటు. నా బొక్క 1 నుంచి 3 దాకా. ఆ చోట అంతకుముందు కెర్నెల్ కోడ్ పాయింటర్ ఉండి ఉంటే, కేఏఎస్ఎల్ఆర్ దాచిన 9 బిట్లనీ ఒక్కటి మిగలకుండా నేనే పళ్లెంలో పెట్టి ఇస్తున్నాను. ఆ తర్వాత మళ్లీ వాదించలేదు.

అడుగు 3: ప్లేటు మొత్తం కడగండి

మందు చిన్నదే. స్ట్రక్చర్‌ని ప్రకటించగానే మెమ్‌సెట్‌తో మొత్తం సైజు సున్నా చేసి, ఆ తర్వాత ఫీల్డులు నింపండి. హీప్ మీద, అంటే నడిచేటప్పుడు అడిగి తీసుకునే మెమరీలో, పెట్టేదైతే కేజెడ్‌అలాక్ వాడండి.

"మెమ్‌సెట్ ఎందుకు, బ్రాకెట్లలో సున్నా పెట్టి ఇనిషియలైజ్ చేస్తే సరిపోదా?" ఆర్‌డీఎస్ వాళ్లు కూడా అలాగే అనుకున్నారు. మొదట ఆ లీక్‌ని సరిదిద్దడానికి ఆ స్ట్రక్చర్‌కి ఎదురుగా బ్రాకెట్లలో సున్నా పెట్టారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. 2020లో మళ్లీ ప్యాచ్ వచ్చింది: ఆ పద్ధతిలో చివరి 4 బైట్లు ప్రతిసారీ సున్నా అవుతాయన్న హామీ లేదు, మెమ్‌సెట్ పెడుతున్నాం అని. ఏళ్లు గడిచాయి, ఒకే స్ట్రక్చర్, ఒకే 4 బైట్లు.

ఎందుకంటే ఆ ఇనిషియలైజేషన్ ఫీల్డుల గురించి చేసే వాగ్దానం. ప్యాడింగ్ ఫీల్డు కాదు. కంపైలర్ 8 బైట్ల సున్నా ఒకటి, 4 బైట్ల సున్నా ఒకటి రాసి, నా పని అయిపోయింది అనొచ్చు. చాలాసార్లు మొత్తం సున్నా చేస్తుంది కూడా, అదే అసలు చిక్కు. ఈ వెర్షన్‌లో బాగానే ఉన్న కోడ్ ఆప్టిమైజేషన్ మారితేనో కంపైలర్ మారితేనో కారుతుంది. యూనియన్ల విషయంలో 2025లో వచ్చిన జీసీసీ 15 కంపైలర్ ఇలాగే ఝలక్ ఇచ్చింది: బ్రాకెట్లలో సున్నా పెడితే మొదటి సభ్యుడి వరకే సున్నా చేస్తుంది, మిగతా చోటు దాని పూచీ కాదు. పాత పద్ధతి కావాలంటే ప్యాడింగ్ బిట్లను సున్నా చేయమని విడిగా ఆప్షన్ ఇవ్వాలి. కెర్నెల్‌లోనే స్టాక్‌ఇనిట్ అనే కేయూనిట్ (కెర్నెల్ సొంత యూనిట్ టెస్ట్ పద్ధతి) టెస్ట్ ఉంది. చిన్న హోల్, పెద్ద హోల్, చివరి హోల్ అని విడివిడిగా పెట్టి, మీ కంపైలర్ ఏది తుడుస్తోందో ఏది వదిలేస్తోందో చూపిస్తుంది. ఒకసారి నడిపి చూడండి, నమ్మకం కుదురుతుంది. లేదా పోతుంది.

ఇక స్పీడ్ గురించి గొడవ. 16 బైట్ల మెమ్‌సెట్ అంటే కంపైలర్ తయారు చేసేది రెండు 8 బైట్ల స్టోర్లు. సిస్టమ్ కాల్ ఖర్చు ముందు అది లెక్కలోకే రాదు.

కొత్తగా స్ట్రక్చర్ డిజైన్ చేస్తుంటే ఖాళీలకు మీరే పేరు పెట్టేయండి: రిజర్వ్‌డ్ అని ఒక ఫీల్డు, విలువ సున్నా. ఫీల్డులను పెద్దవి ముందు చిన్నవి వెనక పేర్చితే మధ్య బొక్కలు చాలావరకు పోతాయి. ఇప్పటికే జనం వాడుతున్న స్ట్రక్చర్‌కి మాత్రం ప్యాక్డ్ అని తగిలించకండి. సైజు మారిపోయి, పాత ప్రోగ్రామ్‌లన్నీ మీ మీద పడతాయి.

అడుగు 4: ప్యాడింగ్ ఒక్కటే కాదు

స్ట్రింగులు చూడండి. 32 బైట్ల పేరు ఫీల్డులో ఈథర్‌నెట్ ఇంటర్‌ఫేస్ పేరు, అంటే నాలుగు అక్షరాలూ చివర సున్నా, కలిపి 5 బైట్లు రాశారు. మిగిలిన 27? ప్రింట్ చేసి చూసే ప్రోగ్రామ్‌కి ఆ సున్నా దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కాపీ మాత్రం 32 బైట్లూ అవుతుంది. ఇలాంటి చోట ఎస్‌టీఆర్‌ఎస్‌కాపీ కాకుండా, దాని ప్యాడ్ రకం వాడండి. మిగిలినదంతా సున్నాలతో నింపుతుంది.

యూఎస్‌బీ డ్రైవర్లలో ఇంకో అలవాటు: డివైస్‌ని 64 బైట్లు అడుగుతారు, అది 10 ఇస్తుంది, కాల్ సక్సెస్ అంటుంది. ఎన్ని వచ్చాయో చూడకుండా 64 బైట్లూ పైకి పంపేస్తారు. చవకరకం గ్యాడ్జెట్ అలా చేస్తే ఖర్మ అనుకోవచ్చు, కావాలని అలా చేసే గ్యాడ్జెట్‌ని ఎవరైనా తయారు చేయొచ్చు కదా. వచ్చిన పొడవు చూసి, తక్కువైతే ఎర్రర్ ఇవ్వండి.

యూజర్ ఇచ్చిన పొడవుని నమ్మడం ఐఫోన్ కథలో చూశాం. ఎర్రర్ దారిలో సగం నిండిన స్ట్రక్చర్‌ని కాపీ చేయడం, స్విచ్‌లో ఒక కేస్ మర్చిపోవడం లాంటివి చదువుతుంటే మీకే దొరుకుతాయి.

ఒకటి మాత్రం ఏ తుడుపుకీ లొంగదు: పాయింటర్‌నే ఫీల్డుగా పంపడం. యాపిల్‌టాక్ కోడ్‌లో రూట్ వివరాలు అడిగే ఐఆక్టల్ ఉండేది. లోపల లింక్డ్ లిస్ట్ కోసం వాడే స్ట్రక్చర్‌నే యథాతథంగా యూజర్‌కి కాపీ చేసేది, "నెక్స్ట్" పాయింటర్‌తో సహా. అన్ని బైట్లూ నిండే ఉన్నాయి, ఎంగిలి ఏమీ లేదు. అయినా కెర్నెల్ అడ్రస్ బయటికి వెళ్తోంది. 2018లో పట్టుకుని సరిచేశారు. లోపల వాడుకునే స్ట్రక్చర్ వేరు, బయటికి పంపే స్ట్రక్చర్ వేరు అని మొదటినుంచీ విడగొట్టుకుంటే ఈ తలనొప్పి రాదు.

అడుగు 5: కేఎమ్‌శాన్‌తో నడపండి

కళ్లకు దొరకనివి యంత్రానికి దొరుకుతాయి. ఈ ఆలోచన పెద్ద ఎత్తున పనిచేస్తుందని చూపించినవాడు గూగుల్ ప్రాజెక్ట్ జీరోలో పనిచేసిన మాతెయుష్ యుర్చిక్. బోక్స్ అనే ఎమ్యులేటర్ లోపల ఆపరేటింగ్ సిస్టమ్‌ని మొత్తంగా నడిపి, నింపని ప్రతి బైటుకీ రంగు పూసి, ఆ రంగు యూజర్ వైపు చేరుతోందేమో కనిపెట్టాడు. 2017లోనూ 2018 మొదట్లోనూ విండోస్ కెర్నెల్‌లో 70కి పైగా లోపాలు, లైనక్స్‌లో 10కి పైగా చిన్నవి దొరికాయి.

లైనక్స్‌కి ఇప్పుడు ఆ పని చేసే టూల్ కెర్నెల్‌లోనే ఉంది: కేఎమ్‌శాన్. 6.1లో చేరింది. మెమరీలోని ప్రతి బైటుకీ ఒక నీడ బైటు పెట్టుకుని, అది నిండిందా లేదా గుర్తుంచుకుంటుంది. ఎక్కడ పుట్టిందో కూడా విడిగా రాసుకుంటుంది. అందుకే మెమరీ విపరీతంగా తింటుంది, మెషీన్ నత్తనడక నడుస్తుంది. బూట్ అవుతున్నప్పుడే "ఇది డీబగ్ టూల్, ప్రొడక్షన్ మెషీన్ల మీద వాడకండి" అని పెద్దగా హెచ్చరిస్తుంది. నిజమే, వాడకండి.

ఎలా పెట్టాలంటే: కొత్త క్లాంగ్ కంపైలర్ ఉండాలి, జీసీసీతో కుదరదు. మెనూకాన్ఫిగ్‌లో కేఎమ్‌శాన్ ఆన్ చేయండి. ఇలాంటివే అయిన కేఏశాన్, కేసీశాన్ టూల్స్ ఆన్‌లో ఉంటే ఇది కనబడదు, ముందు వాటిని తీసేయండి. ఇక కొత్తవాళ్లందరూ బోల్తా పడే చోటు: హీప్‌ని ఆటోమేటిక్‌గా సున్నా చేసే రక్షణలు, అంటే ఇనిట్ ఆన్ అలాక్, ఇనిట్ ఆన్ ఫ్రీ, ఆఫ్‌లో ఉండాలి. అవి ఆన్‌లో ఉంటే ప్లేట్లన్నీ ఎవరో ముందే కడిగేస్తున్నట్టు, మీ తప్పు టూల్‌కి కనబడదు. ఒక రోజంతా ఒక్క రిపోర్టూ రాక, కోడ్ బాగుందని సంబరపడి, తర్వాత బూట్ లైనులో అది ఆన్‌లో ఉందని చూసుకున్న అనుభవం నాది.

క్యూఎము వర్చువల్ మెషీన్‌లో బూట్ చేసి, మీ డ్రైవర్ లోడ్ చేసి, ఒక చిన్న ప్రోగ్రామ్‌తో దాని ప్రతి ఐఆక్టల్‌నీ పిలవండి. సరైన విలువలతోనూ, తప్పుడు విలువలతోనూ. ఓపిక, టైమ్ ఉంటే సిజ్‌కాలర్‌కి (సిస్టమ్ కాల్స్‌ని రకరకాల విలువలతో తనంతట తానే పిలిచి పరీక్షించే టూల్) మీ ఐఆక్టల్‌ల వివరణ రాసి ఇవ్వండి. రాత్రంతా అదే తిప్పలు పడుతుంది.

లీక్ ఉంటే డీమెసేజ్‌లో (కెర్నెల్ లాగ్‌లో) "కెర్నెల్ ఇన్ఫోలీక్" అనే మాటతో రిపోర్ట్ పడుతుంది. బెంబేలెత్తకండి, దాన్ని కింద నుంచి పైకి చదవండి. చివర్లో "16 బైట్లలో 12 నుంచి 15 వరకు నిండలేదు" అనే అర్థంతో ఒక లైను ఉంటుంది. ఆ అంకెలు పట్టుకుని ప్యాహోల్ అవుట్‌పుట్ దగ్గరకు వెళ్తే ఏ బొక్కో వెంటనే తెలుస్తుంది. దానికి కాస్త పైన, ఆ మెమరీ ఎక్కడ పుట్టిందో చెప్పే భాగం ఉంటుంది. స్టాక్ అయితే లోకల్ వేరియబుల్ పేరు కూడా చెబుతుంది. అన్నిటికన్నా పైన ఉన్న కాల్ చైన్ కాపీ ఎక్కడ జరిగిందో చూపిస్తుంది. మందు వేయాల్సింది సాధారణంగా పుట్టిన చోట, బయటికి వెళ్లిన చోట కాదు.

అడుగు 6: కేఎమ్‌శాన్ కుదరకపోతే

మీ బోర్డుకి కేఎమ్‌శాన్ లేదా? మెమరీ చాలదా? మొరటు పద్ధతి ఒకటుంది, నాకిష్టం కూడా.

హీప్ కోసం: బూట్ లైనులో స్లబ్ డీబగ్‌ని పాయిజన్ ఆప్షన్‌తో ఆన్ చేయండి. అప్పుడు కెర్నెల్ ఇచ్చే హీప్ ముక్కలన్నీ హెక్స్‌లో 6బి అనే బైటుతో నింపి ఉంటాయి, చివరి బైటు ఒక్కటే వేరు. ఆస్కీలో 6బి అంటే చిన్న ఇంగ్లిషు "కె" అక్షరం. మీ టెస్ట్ ప్రోగ్రామ్ తెచ్చుకున్న బఫర్‌ని హెక్స్ డంప్ వేస్తే, కుడి పక్కన వరసగా "కె కె కె కె" కనబడిందంటే అది మీరు రాసిన డేటా కాదు.

స్టాక్ కోసం: స్టాక్ వేరియబుల్స్‌ని సున్నాతో కాకుండా ప్యాటర్న్‌తో నింపే కాన్ఫిగ్ పెట్టండి. 64 బిట్ క్లాంగ్‌లో ఎక్కువగా హెక్స్ ఏఏ వస్తుంది, జీసీసీలో ఎఫ్ఈ. యూజర్ వైపు అవి కనబడితే దొరికినట్టే. ఒక షరతు: మీరు ఇనిషియలైజర్ ఇచ్చిన వేరియబుల్ జోలికి ఇది పోదు. కాబట్టి బ్రాకెట్లలో సున్నా పెట్టి వదిలేసిన ప్యాడింగ్ ఇందులో బయటపడకపోవచ్చు. దానికి మళ్లీ ప్యాహోల్, మీ కళ్లే దిక్కు.

అడుగు 7: సర్వర్లు చూసుకునేవాళ్లకు నాలుగు మాటలు

మీరు కోడ్ రాయరు, మెషీన్లు చూసుకుంటారు అనుకుందాం. ఇనిట్ ఆన్ అలాక్ ఆన్ చేయండి. లైనక్స్ 5.3 నుంచి ఉంది. ఎక్కువ పనుల్లో భారం 1 శాతం లోపేనని, కొన్ని కృత్రిమ పరీక్షల్లో 7 శాతం దాకా వెళ్లిందని కెర్నెల్ కాన్ఫిగ్ సాయంలోనే రాసి ఉంది. మీ లోడ్ మీద మీరే కొలుచుకోండి. కెర్నెల్ అడ్రస్‌లనూ లాగ్‌నూ మామూలు యూజర్లకు కనబడకుండా చేసే కేపీటీఆర్ రెస్ట్రిక్ట్, డీమెసేజ్ రెస్ట్రిక్ట్ అనే సిస్‌కంట్రోల్ విలువలు రెండూ సున్నాలో ఉన్నాయేమో చూసి, కనీసం 1 చేయండి. 4.15 నుంచి కెర్నెల్ మామూలు పాయింటర్ ప్రింట్‌లో అసలు అడ్రస్ బదులు హ్యాష్ ముద్రిస్తోంది, అది మంచిదే. కానీ డీబగ్ కోసం ఎవరో పచ్చిగా ముద్రించే రకం వాడి తీసేయడం మర్చిపోతే ఈ తాళం ఉపయోగపడదు.

అయితే ఇవి వల మాత్రమే. డ్రైవర్ తనే ఒక బఫర్ల కుప్ప పెట్టుకుని, వాడినవాటినే మళ్లీ మళ్లీ వాడుతుంటే ఇనిట్ ఆన్ అలాక్‌కి అసలు తెలియదు. కన్‌స్ట్రక్టర్ ఉన్న క్యాష్‌లని అది ముట్టుకోదు. ఇక మెల్ట్‌డౌన్ లాంటివి ప్రాసెసర్‌లో పుట్టే లీకులు, వాటి మందులు వేరు.

అడుగు 8: ప్యాచ్ పంపండి

మీ సొంత కోడ్ అయితే సరే. అప్‌స్ట్రీమ్ కెర్నెల్‌లో దొరికితే, అది ఎవరైనా మామూలు యూజర్ చేరుకోగల గడప అయితే, బహిరంగ మెయిలింగ్ లిస్ట్‌లో పెట్టేముందు కెర్నెల్ సెక్యూరిటీ టీమ్‌కి చెప్పండి. వాళ్లు ఫిక్స్‌ని ఎక్కువ రోజులు దాచి ఉంచరు, మామూలుగా 7 రోజులే గడువు. రూట్ మాత్రమే తెరవగల డివైస్‌లో ప్యాడింగ్ లాంటిదైతే నేరుగా ప్యాచ్ పంపేయొచ్చు. సీవీఈ నంబరు (భద్రతా లోపానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) కోసం పరుగులు పెట్టక్కర్లేదు. 2024 ఫిబ్రవరి నుంచి కెర్నెల్ ప్రాజెక్టే నంబర్లు ఇస్తోంది, అది కూడా ఫిక్స్ స్టేబుల్ శాఖలోకి వెళ్లాక.

కమిట్ మెసేజ్‌లో ఏ స్ట్రక్చర్, ఏ ఆఫ్‌సెట్, ఎన్ని బైట్లు, ఏ ఆర్కిటెక్చర్‌లో అనేవి రాయండి. ప్యాహోల్ అవుట్‌పుట్ నాలుగు లైన్లు అతికిస్తే రివ్యూ చేసేవాళ్లు దండం పెడతారు. తప్పు మొదట వచ్చిన కమిట్‌ని ఫిక్సెస్ ట్యాగ్‌లో, హ్యాష్‌లోని మొదటి 12 అక్షరాలతో ఇవ్వండి. స్టేబుల్‌కి కాపీ పెట్టండి.

పంపే ముందు కేఎమ్‌శాన్ బిల్డ్‌లో అదే టెస్ట్ ప్రోగ్రామ్‌ని మళ్లీ నడపండి. తర్వాత దాన్నే 32 బిట్‌కి కంపైల్ చేసి, 64 బిట్ కెర్నెల్ మీద ఇంకోసారి నడపండి. 32 బిట్ ప్రోగ్రామ్‌ల కోసం పెట్టిన కంపాట్ దారిలో కాపీ చేసే కోడ్ చాలా డ్రైవర్లలో విడిగా, వేరే ఫంక్షన్‌లో ఉంటుంది. నా ప్యాచ్ మొదటి వెర్షన్ వెనక్కి వచ్చింది అందుకే: మెమ్‌సెట్ ఒక ఫంక్షన్‌లో పెట్టాను, దాని కవల తమ్ముడు 200 లైన్ల కింద అలాగే కారుతూ ఉన్నాడు.